గుడ్లు పగిలేలోగా సిద్ధం కావలసిన తిండి

అక్వేరియం చేపల్లో గుడ్లు పెట్టే రకాలను పెంచేవారు గుడ్లు చూసి సంబరపడతారు, పిల్లలు లేచాయని మరింత సంబరపడతారు, వారం తిరగకుండానే తొట్టి ఖాళీ అయిందని దిగులుపడతారు. నీళ్లు పాడయ్యాయనో, తెగులు తగిలిందనో, ఎవరి దిష్టో పడిందనో అనుకుంటారు గానీ, చాలాసార్లు అసలు కారణం ఆకలి. తిండి వేయలేదని కాదు, వేసిన తిండి పిల్ల నోట్లో పట్టలేదు. దుకాణంలో దొరికే పొడి మేతను ఎంత మెత్తగా నూరినా, అప్పుడే ఈదడం మొదలుపెట్టిన గౌరామి పిల్లకు అందులోని ఒక్కో నలుసు బండరాయితో సమానం. పైగా ఆ నలుసు కదలదు. ఆ వయసు పిల్లలు కళ్లెదుట కదిలిన దాన్నే వేటాడతాయి. కదలకుండా పడి ఉన్నది వాటి లెక్కలో తిండి కాదు. అలా మిగిలిపోయిన పొడి కుళ్లి నీటిని పాడుచేస్తుంది, దానితో పిల్లల చావును నీటి మీదకు నెట్టేయడం మనకు సులువవుతుంది.

ఒడిశాలోని మా పర్లాకిమిడిలో ఈ అభిరుచి ఉన్నవాళ్లం కొద్దిమందిమే. గాలి పంపు కావాలన్నా, స్పంజి ఫిల్టర్ కావాలన్నా బరంపురమో విశాఖపట్నమో వెళ్లి తెచ్చుకోవాలి. అయితే చేపపిల్లల తొలి ఆహారం విషయంలో మాత్రం మా ఊరు పెద్ద నగరాలకు ఏమాత్రం తీసిపోదని నా అభిప్రాయం. ఇక్కడ వరిగడ్డి అడిగితే ఇస్తారు, పేడకు కొరత లేదు, చుట్టుపక్కల ఏ పల్లెకు వెళ్లినా చెరువుంది, రైలు మార్గం చివర నౌపడ ఉప్పు ఉంది. డబ్బు పెట్టి కొనక తప్పనిది ఒక్క ఆర్టీమియా, అంటే ఉప్పునీటిలో పెరిగే చిన్న రొయ్యలాంటి జీవి. వీటన్నిటికంటే అరుదైనది ముందుచూపు. చేపలను జతకట్టించే ఆలోచన వచ్చిన రోజున ముందుగా సిద్ధం చేయవలసింది వాటి తొట్టి కాదు, పిల్లల మేత. ఆ మేత పెరగడానికి రెండు మూడు వారాలు పడుతుంది. గుడ్లు పగలడానికి పట్టేది ఒకటి రెండు రోజులే.

ఫైటర్ చేప సంగతి చూడండి. నీరు 28 డిగ్రీల దగ్గర ఉంటే గుడ్లు ఒకటిన్నర రోజుకు అటూ ఇటూగా పగులుతాయి. పగిలిన పిల్లలు నురగ గూటి కింద తోకలు కిందికి వేలాడేసుకుని ఉంటాయి. జారి అడుగుకు పోతున్న దాన్ని తండ్రి నోటితో పట్టి తిరిగి గూటిలో ఉమ్ముతుంది. ఆ రెండు మూడు రోజులూ పిల్లకు తిండితో పని లేదు, పొట్ట కింద ఉన్న పచ్చసొన సంచే దాని పోషణ చూసుకుంటుంది. సంచి కరిగిపోయి పిల్ల అడ్డంగా, నేలకు సమాంతరంగా ఈదడం మొదలుపెట్టిన గంట నుంచీ అసలు గడువు మొదలవుతుంది. అంతకు ముందు మేత వేస్తే నీరు చెడుతుంది, ఆ తరువాత ఒకటి రెండు రోజులు ఆలస్యమైతే పిల్ల వేటాడే శక్తిని కోల్పోతుంది. అలా నీరసించిన పిల్ల ముందు ఎంత మంచి మేత పోసినా తినలేదు, ఒకటి రెండు రోజులు నీటిపొర కింద కదలకుండా ఉండి చచ్చిపోతుంది.

అన్ని చేపల పిల్లలూ ఒకే పరిమాణంలో పుట్టవు. గప్పీ వంటివి పిల్లలనే ఈనుతాయి కాబట్టి వాటి నోరు పుట్టిన నాడే ఆర్టీమియా పిల్లను మింగగలదు. ఏంజెల్ చేప పిల్లలు ఈదడం మొదలుపెట్టిన రోజే దాన్ని అందుకోగలవు. ఫైటర్ పిల్లల్లో బలమైనవి అందుకుంటాయి, చిన్నవి వెనకబడతాయి. డ్వార్ఫ్ గౌరామి పిల్లలు మాత్రం మొదటి వారమంతా అంతకంటే చాలా చిన్న జీవుల మీదే ఆధారపడాలి. అప్పుడే పొదిగిన ఆర్టీమియా పొడవు 0.4 నుంచి 0.5 మిల్లీమీటర్లు ఉంటుంది. గడ్డినీళ్లలో పెరిగే పారమీసియం అనే ఏకకణ జీవి 0.2, 0.3 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. ఈ రెండు అంకెల మధ్య ఉన్న తేడాలోనే గౌరామి పిల్లల బతుకు ఉంది.

మేత ముందు, పిల్లలు తరువాత అన్న సూత్రం అక్వేరియం వాళ్లు కనిపెట్టింది కాదు. మా ఒడిశాలోనే అంగుల్‌లో 1957 జూలై 10న మత్స్య శాస్త్రవేత్త హీరాలాల్ చౌధురి పిట్యూటరీ గ్రంథి రసం ఎక్కించి కార్పు చేపల చేత గుడ్లు పెట్టించారు, దీన్నే ప్రేరేపిత ప్రజననం అంటారు. ఆ రోజునే ఇప్పుడు జాతీయ మత్స్య రైతుల దినోత్సవంగా జరుపుకుంటున్నారు. ఆ తరువాత చేపవిత్తనం కోసం నదుల మీద ఆధారపడే అవసరం తగ్గింది గానీ, విత్తనాన్ని బతికించే పద్ధతి మాత్రం మారలేదు. నర్సరీ చెరువును ఎండగట్టి, సున్నం చల్లి, పిల్లలను వదలడానికి చాలా రోజుల ముందే పేడ వేసి, నీటిలో సూక్ష్మజీవులు పెరిగాయని గుడ్డ వలతో వడకట్టి చూసుకున్నాకే మూడు రోజుల వయసున్న పిల్లలను అందులో వదులుతారు. ఎకరాల చెరువులో రైతు పాటించే క్రమాన్ని గాజు తొట్టిలో మనం ఎందుకు పాటించమో నాకు అర్థం కాదు.

ఇక గడ్డినీళ్ల విషయానికి వస్తాను. దీన్ని ఇన్ఫ్యూసోరియా అంటారు. క్యాబేజీ ఆకు, అరటితొక్క, బంగాళాదుంప ముక్క అంటూ రకరకాల వంటకాలు చెబుతారు. అవన్నీ పనిచేస్తాయి గానీ, వాటిలో కుళ్లు ఎక్కువ, మేత తక్కువ. నాకు నమ్మకమైనది వరిగడ్డి. పురుగుమందు కొట్టని పొలం గడ్డి గుప్పెడు తీసుకుని, వేలెడు ముక్కలుగా కత్తిరించి, రెండు లీటర్ల నీటిలో పావుగంట మరిగించి చల్లార్చాలి. మరిగించడం వల్ల ఇతర జీవులు చాలావరకు చస్తాయి గానీ, గడ్డిని అంటుకుని ఉండే బాసిల్లస్ సబ్టిలిస్ అనే బాక్టీరియా బీజాలు చావవు. మరిగిన గడ్డినీటిలోనూ ఈ బీజాలు బతికి బట్టకడతాయని పందొమ్మిదో శతాబ్దంలో జర్మన్ శాస్త్రవేత్త ఫెర్డినాండ్ కోన్ చూపించాడు. మన అవసరానికి అది వరం. చల్లారిన నీటిలో ఆ బాక్టీరియా విపరీతంగా పెరుగుతుంది, దాన్ని తిని పారమీసియం పెరుగుతుంది.

అయితే పారమీసియం దానంతట అది ఊడిపడదు, విత్తనం వేయాలి. పాత తొట్టిలో స్పంజి ఫిల్టర్ పిండిన మడ్డి నీళ్లు గాని, చెరువులో అంతరతామర వేళ్లను గిన్నెలో జాడించిన నీళ్లు గాని ఒక గ్లాసెడు అందులో కలపాలి. కుళాయి నీళ్లయితే క్లోరిన్ పోయేదాకా వెడల్పు పాత్రలో ఒక రాత్రి ఉంచాకే వాడాలి. జాడీ మూతికి పలుచని గుడ్డ కట్టాలి. మలేరియా బెడద ఉన్న మా గజపతి జిల్లాలో మూత లేని నీళ్ల జాడీని ఇంట్లో పెట్టుకోవడం ఎవరూ క్షమించే పని కాదు.

మొదటి రెండు మూడు రోజులు ఆ నీరు తెల్లగా మసకబారి, ముక్కు మూసుకునేలా వాసన వేస్తుంది. ఇంట్లోవాళ్లు జాడీని బయట పారబోయమనేది అప్పుడే. అది బాక్టీరియా దశ. దాన్ని అలాగే పిల్లల తొట్టిలో పోస్తే మేలు కన్నా కీడే ఎక్కువ. వారం దగ్గర పడేసరికి నీరు తిరిగి తేటపడి, లేత టీ రంగుకు వచ్చి, వాసన తడిమట్టి వాసనలోకి మారుతుంది. ఈ మార్పే మనకు కావలసిన గుర్తు. గ్లాసులోకి కొంచెం తీసుకుని, వెనుక నల్లగుడ్డ పట్టి, పక్క నుంచి టార్చి వేస్తే తెల్లని సన్నని నలుసులు కనబడతాయి. దుమ్మయితే నీటితోపాటు కదులుతుంది. ఇవి ఒకటొకటి తన దారిన తాను మెలికలు తిరుగుతూ జారుతాయి, దేనికైనా తగిలితే వెనక్కి తగ్గి మరో వైపు మళ్లుతాయి. 1674లో హాలెండులో లీవెన్‌హుక్ సరస్సు నీటిలో చూసి ఆశ్చర్యపోయిన జీవులు ఈ కోవకు చెందినవే. ఆయనకు తాను చేసుకున్న కటకం కావలసి వచ్చింది, కళ్లు బాగున్నవారికి టార్చి చాలు.

పెరిగిన పారమీసియాన్ని మడ్డి లేకుండా తీయడానికి ఒక చక్కని ఉపాయం ఉంది. సన్నని మెడ ఉన్న సీసాలో జాడీ నీటిని మెడ మొదలు దాకా పోసి, మెడలో దూది ఉండను వదులుగా దూర్చి, దాని మీద శుభ్రమైన తొట్టి నీటిని నెమ్మదిగా పోయాలి. పారమీసియానికి పైకి పాకే స్వభావం ఉంది. కింద ప్రాణవాయువు తగ్గేకొద్దీ ఆ తొందర మరీ ఎక్కువవుతుంది. తెల్లారేసరికి దూదిని దాటి మెడలోని తేట నీటిలోకి చేరతాయి. ఆ నీటిని డ్రాపరుతో తీసి పిల్లలకు వేయవచ్చు. జాడీలో పాలు చుక్క వేస్తే చాలదా అని అడుగుతారు. ఒక చుక్క బలం, రెండు చుక్కలు విషం అనుకోవాలి. అంతకంటే ఉడికించిన వడ్లగింజలు నాలుగు వేస్తే నెమ్మదిగా కరుగుతూ ఎక్కువ రోజులు వస్తాయి.

చెరువు నీటిని నేరుగా తెచ్చి వాడవచ్చు కదా అన్న ప్రశ్నకు నా జవాబు, వాడవచ్చు, వడకట్టి. పాతపట్నం వైపు ఒక చెరువు గట్టున నేను గుడ్డ వల పట్టుకుని నిలబడితే పశువులను తోలుకొచ్చిన పెద్దాయన ఒకరు కాసేపు చూసి, ‘ఏటి బాబూ, సేపలొగ్గేసి పురుగులు పడతన్నారేటి?’ అన్నారు. సేపలకే తాతా అంటే, వల్లో ఉన్నదాన్ని అరచేతిలో పోయించుకుని, ఎండకెదురుగా పట్టి చూసి, ‘ఇవి మా దూడల తొట్టిలో బోల్డు’ అని నవ్వారు. ఆయన మాట నిజమే. ఆ పశువుల తొట్టి తరువాత నాకు మోయినా అనే నీటిపురుగుల గని అయింది, దాని సంగతి ముందు ముందు చెబుతాను.

చెరువు నీటితో వచ్చే చిక్కు పిల్లల శత్రువులు. తూనీగ పిల్ల, నీటి పేడపురుగుల పిల్లలు కంటికి కనబడతాయి, ఏరి పారేయవచ్చు. హైడ్రా కనబడదు, తొట్టి అద్దానికి అంటుకుని, దారాల్లాంటి చేతులు చాచి కూర్చుని, తగిలిన పిల్లనల్లా కుట్టి మింగుతుంది. సైక్లాప్స్ అనే చిన్న నీటిపురుగు మరో రకం. పెద్ద పిల్లలకు అది మంచి మేతే గానీ, అప్పుడే పుట్టిన గౌరామి పిల్లలనైతే అదే కొరుకుతుంది. పాత తరంవారికి సైక్లాప్స్ వేరే కారణంగా గుర్తుండాలి. నారికురుపు పురుగు మనుషుల్లోకి చేరేది ఆ జీవి ఉన్న నీటిని తాగడం వల్లనే. నీటిని గుడ్డతో వడకట్టి తాగడం అన్న చిన్న అలవాటు ఆ జబ్బును తరిమికొట్టడంలో పెద్ద పాత్ర వహించింది, భారతదేశానికి ఆ జబ్బు పీడ విరగడైందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2000లో ధ్రువీకరించింది. మనమూ అదే పని చేయాలి. నాలుగు మడతల నూలుగుడ్డలోంచి దిగిన నీటిలో పారమీసియం, రోటిఫర్లనే చిన్న సూక్ష్మజీవులు వస్తాయి, సైక్లాప్స్ గుడ్డలోనే ఆగిపోతుంది.

గడ్డినీళ్లకూ ఆర్టీమియాకూ మధ్య వంతెనగా రెండు రకాల సన్నపురుగులున్నాయి. వీటికి చెరువులో వెతుకులాట లేదు, పెంచేవారి దగ్గర చెంచాడు విత్తనం అడిగి తెచ్చుకోవాలి. నాకు రెండూ విశాఖ నుంచి గుణుపురం రైల్లో చిన్న సీసాల్లో వచ్చాయి. మొదటిది వినెగర్ ఈల్. పేరులో ఈల్ ఉన్నా ఇది చేప కాదు, ఒకటి రెండు మిల్లీమీటర్ల పొడవు, దానిలో ఇరవయ్యో ముప్పయ్యో వంతు మందం ఉన్న నులిపురుగు. యాపిల్ వినెగర్ సగం, నీరు సగం కలిపి రెండు యాపిల్ ముక్కలు వేసిన సీసాలో విత్తనం పోసి అలమరలో పెడితే నెలల తరబడి ఎవరూ పట్టించుకోకపోయినా బతుకుతుంది. పెరగడం మాత్రం నిదానం, నెలరోజుల ముందే మొదలుపెట్టాలి. తీసే పద్ధతి పైన చెప్పిన సన్నమెడ సీసా, దూది పద్ధతే. దీని గొప్పతనం ఏమంటే, మంచినీటిలో వేశాక కూడా రోజుల తరబడి బతికి, అడుగుకు పోకుండా నీటి మధ్యలోను పైపొరలోను మెలికలు తిరుగుతూ ఉంటుంది. గౌరామి పిల్లలు తిరిగేదీ అక్కడే. పోషక విలువలో ఆర్టీమియాకు సాటి రాదు గానీ, ఊరెళ్లవలసి వచ్చిన రోజున దీనికి మించిన భరోసా లేదు.

రెండోది మైక్రోవార్మ్. పుస్తకాల్లో ఓట్స్ పిండి అంటారు. మాకు చోడిపిండి, అంటే రాగిపిండి సులువు. చోడి అంబలిని చెంచా నిలబడేంత గట్టిగా కాచి, పూర్తిగా చల్లార్చి, ప్లాస్టిక్ డబ్బాలో వేలు మందాన పోసి, పైన చిటికెడు బేకరీ ఈస్టు చల్లి, విత్తనం పెట్టి, మూతకు చిల్లులు పొడిచి గుడ్డ కప్పితే సరి. నాలుగైదు రోజులకు అంబలి పైపొర వెలుతురులో మిలమిలలాడుతూ కదులుతుంది. తరువాత పురుగులు డబ్బా గోడలెక్కుతాయి, వేలితో తుడిచి నీటిలో కడిగి వేయడమే. చీమలు పట్టకుండా డబ్బాను నీళ్ల పళ్లెంలో పెట్టాలి. రెండు మూడు వారాలకు అంబలి నీరుగారి దుర్వాసన కొట్టగానే కొత్త డబ్బాకు మార్చాలి.

మైక్రోవార్మ్‌ను మన అభిరుచివాళ్లు మోతాదుకు మించి పొగుడుతారని నా అభిప్రాయం. అది తేలదు, నేరుగా అడుగుకు చేరి, ఒక రోజుకు అటూ ఇటూగా చస్తుంది. అడుగున మేసే కోరిడోరస్ పిల్లలకు అది చక్కగా సరిపోతుంది. నీటి పైభాగంలో తిరిగే గౌరామి పిల్లలకు అందులో సగం అందదు. వట్టి మైక్రోవార్మ్ మీద పెరిగిన ఫైటర్ పిల్లలకు పొట్టకింది రెక్కలు రావన్న మాట పెంపకందార్లలో చాలాకాలంగా ఉంది, కాదనేవారూ అంతమందే ఉన్నారు. నా అనుమానం ఆ పురుగుల మీద కాదు, తినగా మిగిలి అడుగున చేరి కుళ్లే వాటి మీద. ఏదైనా ఒకే మేత మీద పిల్లలను నెట్టుకురావడం మంచిది కాదనడానికి ఇంత వివాదం అక్కర లేదు.

ఆర్టీమియాతో ఆట మారిపోతుంది. చేపపిల్లలకు ఇది అద్భుతమైన మేత అని అమెరికాలో సీల్ అనే శాస్త్రవేత్త 1933లోను, నార్వేలో రోలెఫ్సెన్ 1939లోను వెల్లడించిన తరువాత ప్రపంచమంతా దీని మీదే నడుస్తోంది. దీని గుడ్లు ఎండి, గట్టి పెంకులో ఏళ్ల తరబడి నిద్రాణంగా ఉంటాయి. ఒక్క గ్రాములో రెండు లక్షలకు పైగా ఉంటాయి. అమెరికాలోని గ్రేట్ సాల్ట్ లేక్ వీటికి ప్రధాన వనరు. మన కోస్తా రొయ్యల హేచరీలు దాదాపు అర కిలో డబ్బాలుగా కొనేది ఇదే సరుకు. డబ్బా మొత్తం ఇంటి పెంపకానికి అక్కర లేదు, ఖరీదూ ఎక్కువ. అందుకని దుకాణాలవాళ్లు విప్పి పొట్లాలు కట్టి అమ్ముతారు. తేమ తగిలిన గుడ్లు పైకి ఏ తేడా లేకుండా కనబడతాయి గానీ లేవవు. ఒక దుకాణంలో నాకు అంటగట్టిన పొట్లంలో పదింట ఒకటి కూడా లేవలేదు. అడిగితే మీ ఉప్పు మంచిది కాదన్నారు. కాబట్టి చేపలను జతకట్టించకముందే చిటికెడు గుడ్లను గ్లాసులో పొదిగించి చూసుకోవాలి. మంచివని తేలాక బిగుతైన సీసాలో, తేమ పీల్చే సిలికా పొట్లంతో సహా ఫ్రిజ్‌లో పెట్టాలి.

ఉప్పు విషయంలో మాకు ఏ ఇబ్బందీ లేదు. 1900లో పర్లాకిమిడి సంస్థానం వేయించిన చిన్న రైలు మార్గం వెళ్లి కలిసేది నౌపడలోనే, అక్కడి ఉప్పు మడుల కళ్లుప్పు ఈ ప్రాంతమంతా వాడుకలో ఉంది. లీటరు నీటికి 25 నుంచి 30 గ్రాములు, అంటే సుమారు రెండు పెద్ద చెంచాలు కరిగించి, మట్టి అడుగుకు దిగాక పై తేట తీసుకోవాలి. అయోడిన్ ఉప్పు పనికిరాదనే మాట వినబడుతుంది గానీ, అందులోనూ పిల్లలు బాగానే లేస్తాయి. మా నీళ్లలో చిటికెడు వంటసోడా కలిపితే ఫలితం మెరుగ్గా ఉంటుంది. ఆర్టీమియా లేవడానికి నీరు కాస్త క్షార గుణంతో ఉండాలి.

రెండు లీటర్ల కూల్‌డ్రింకు సీసా అడుగు కోసి, తలకిందులుగా నిలిపి, గాలి గొట్టం మూతి దాకా దించాలి. గుడ్లు ఎక్కడా పేరుకోకుండా సుడులు తిరుగుతూ ఉండడమే ఈ ఏర్పాటు ఉద్దేశం. అర చెంచా గుడ్లు, పైన ఒక దీపం, 26 నుంచి 30 డిగ్రీల వేడి ఉంటే ఒక పగలూ ఒక రాత్రిలో గోధుమరంగు నీరు నారింజ రంగుకు తిరుగుతుంది. డిసెంబరు, జనవరి రాత్రుల్లో మా ఇళ్లలో చలికి మరో అరరోజు ఆలస్యమవుతుంది. మే నెలలో దీనికి వ్యతిరేకంగా, నీరు 33 డిగ్రీలు దాటితే పొదగడం కుంటుపడుతుంది. సీసాను తడిగుడ్డలో చుట్టి నీడన ఉంచాలి.

పొదిగాక గాలి ఆపి పది నిమిషాలు ఆగితే ఖాళీ పెంకులు పైకి తేలతాయి, లేవని గుడ్లు అట్టడుగుకు దిగుతాయి. సీసా కింది భాగానికి పక్క నుంచి టార్చి పెడితే, వెలుతురును వెతుక్కునే ఆ పిల్లలు నారింజ రంగు మబ్బులా అక్కడ గుమిగూడతాయి. సన్నగొట్టంతో ఆ మబ్బును మాత్రమే లాగి, మెత్తని నూలు చేతిరుమాలులో వడకట్టి, మంచినీటితో కడిగి వేయాలి. పెంకులు రాకుండా చూడడం ముఖ్యం, అవి చేపపిల్ల పేగులో అడ్డుపడతాయి. మరొక ముఖ్య విషయం వయసు. అప్పుడే లేచిన ఆర్టీమియా తన పచ్చసొనను ఒంట్లో మోసుకుంటూ ఉంటుంది, మన చేపపిల్లకు దక్కే బలం అదే. తాను ఏమీ తినకుండా ఆ సొననే ఖర్చు చేసుకుంటూ గంటలు గడిచేకొద్దీ అది పెద్దదవుతుంది, వడిగా ఈదుతుంది, సత్తువ మాత్రం తగ్గుతుంది. నిన్నటి మిగులును ఇవాళ వేయడం పొదుపు కాదు. రెండు సీసాలు పెట్టి రోజుకొకటి చొప్పున తిప్పుకుంటే ఎప్పుడూ తాజాది చేతిలో ఉంటుంది.

మంచినీటిలో ఆర్టీమియా కొన్ని గంటలే బతుకుతుంది కాబట్టి గంటా రెండు గంటల్లో పిల్లలు తినగలిగినంతే వేసి, రోజుకు మూడు నాలుగు సార్లు వేయాలి. తిన్నాయో లేదో తెలుసుకోవడం చాలా తేలిక. భూతద్దంతో చూస్తే గాజులాంటి ఒంట్లో పొట్ట నారింజపూసలా ఉబ్బి కనబడుతుంది. పారమీసియం మీద ఉన్న పిల్ల పొట్ట తెల్లగా, కొద్దిగా ఉబ్బి ఉంటుంది. తినని పిల్ల పొట్ట లోపలికి పీక్కుపోయి, ఒళ్లంతా తలా కళ్లే అన్నట్టు ఉంటుంది. ఒకే తొట్టిలో మూడు రకాలూ కనబడడం మామూలే. అందుకే ఆర్టీమియా మొదలుపెట్టగానే గడ్డినీళ్లు ఆపేయకూడదు. వెనకబడ్డవాటి కోసం మరో వారం రెండూ కలిపి వేయాలి. పిల్లలు కంటితో చూసి వేటాడతాయి కనుక మొదటి రోజుల్లో రాత్రి కూడా ఒక చిన్న దీపం ఉంచడం నాకు అలవాటు. అడుగున మిగిలిన మేతకు చిన్న నత్తలు రెండు మూడు వదిలితే సగం శుభ్రం అవే చేస్తాయి, మిగతా సగానికి గాలి గొట్టంతో సన్నధారగా మడ్డిని లాగి, అంతే నీటిని చుక్కచుక్కగా కలపాలి. ఫైటర్లకు, గౌరామిలకు పైగాలి పీల్చే అవయవం మూడు నాలుగు వారాల వయసులో తయారవుతుంది, అంతదాకా తొట్టికి మూత తీయకపోవడం మంచిది.

పిల్లలు బియ్యపుగింజంత పెరిగాక ఆర్టీమియా ఖర్చు భరించడం కష్టం, అప్పుడు అక్కరకొచ్చేది మోయినా. ఆ పెద్దాయన చెప్పిన దూడల తొట్టిలో ఉన్నది ఇదే. ఒక మిల్లీమీటరుకు అటూ ఇటూగా ఉండి, కుదుపులతో నీటిలో పైకీ కిందికీ గెంతుతుంది. మంచి భూతద్దం కింద వీపు మీది సంచిలో గుడ్లు, వాటి పైన టకటకా కొట్టుకునే గుండె కూడా కనబడతాయి. నీటిలో ప్రాణవాయువు తగ్గితే రక్తంలో హీమోగ్లోబిన్ పెంచుకుని ఎర్రబడుతుంది. తొలకరి తరువాత పేడగుంటల మీద కనబడే ఎర్రని జీర చాలాసార్లు ఇదే. మగతో పని లేకుండా ఆడదే పిల్లలను కంటుంది, ఆ పిల్ల నాలుగైదు రోజుల్లో తల్లవుతుంది.

పెంచడానికి నీడపట్టున ఉన్న సిమెంటు తొట్టి చాలు. నానబెట్టిన వేరుశనగ చెక్క నీళ్లు, పచ్చబారిన పాత తొట్టి నీళ్లు, లేదా నీటిలో కలిపిన చిటికెడు ఈస్టు వేయవచ్చు. నీరు మసకగా కనబడేంత వేసి, అది తేటపడ్డాకే మళ్లీ వేయాలి. పచ్చి పేడ వాడేవారు పాతగుడ్డలో మూటకట్టి వేలాడదీస్తే తీయడం తేలిక. తెల్లవారుజామున మోయినా పైపొరకు చేరి ఉంటుంది, అప్పుడే గుడ్డ వలతో తీయాలి. టీ వడపోత గుండా దింపితే చిన్నవి కిందికి, పెద్దవి పైన మిగులుతాయి. కింది సరుకు పిల్లలకు, పై సరుకు తల్లిదండ్రులకు. మంచినీటి జీవి కాబట్టి తొట్టిలో తినగా మిగిలినదీ చావకుండా తిరుగుతూ ఉంటుంది, ఆర్టీమియాకు లేని సుగుణం ఇది. మురుగు కాలువల ట్యూబిఫెక్స్ పురుగులను ఈ వయసు పిల్లలకు ముక్కలు చేసి పెట్టేవారున్నారు. మోయినా దొరికే ఊళ్లో ఆ మురుగును ఇంట్లోకి తేవడం ఎందుకో నాకు తోచదు.

వేసవిలో వీటన్నిటినీ నిలబెట్టుకోవడమే మా ప్రాంతంలో అసలు పరీక్ష. ప్రతిదాన్నీ రెండు పాత్రల్లో, రెండు చోట్ల పెంచాలి, ఒకటి పోయినా విత్తనం మిగులుతుంది. పారమీసియం జాడీని తడి ఇసుక పోసిన కుండలో కూర్చోబెడితే ఏప్రిల్, మే నెలలు గట్టెక్కుతుంది. వినెగర్ ఈల్‌కు అంత సేవ అక్కర లేదు. మోయినా మాత్రం ఒక్క మధ్యాహ్నం వేడికి మొత్తం తుడిచిపెట్టుకుపోవచ్చు. అయితే దానికి తన ఏర్పాటు తనకుంది. నీరు తగ్గి, కిక్కిరిసి, తిండి కరువైనప్పుడు మగవి పుడతాయి, ఆ తరువాత ఆడవి నల్లని గట్టి కవచంలో గుడ్లు పెడతాయి. తొట్టి అడుగు మడ్డిలో గసగసాల కన్నా చిన్నగా అవి కనబడతాయి. ఆ మడ్డిని కాగితం మీద నీడన ఆరబెట్టి, పొట్లం కట్టి, తేదీ రాసి పెట్టుకుంటే, జూన్‌లో వాన నీటిలో కలిపిన కొద్ది రోజులకే తొట్టి మళ్లీ నిండుతుంది. కోరినవారికి కవరులో పెట్టి పోస్టు చేయడానికీ అదే అనువు, రైల్లో నీళ్ల సీసాలు మోసుకుపోవలసిన అవసరం లేదు.